బండి గీత మీద నిలవట్లేదా? ముందు కాటాకు పదండి

పాఠకుల ప్రశ్నలు – స్టీరింగ్ మెకానిక్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మోటర్‌హోమ్‌ల (లోపలే పడక, వంటగట్టు ఉండే బండ్ల) గురించే. మాటలు వేరైనా గోడు ఒకటే: బండి తిన్నగా పోవడం లేదు. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం దానికే వదిలేస్తున్నాను.

ప్రశ్న: మాది 7.4 మీటర్ల మోటర్‌హోమ్, ముందు చక్రాల డ్రైవ్. రెండు యాక్సిళ్ల (చక్రాల ఇరుసుల) మధ్య దూరం 4 మీటర్లు. వెనక సామాన్ల అరలో 120 కిలోల స్కూటర్ పెట్టుకుని తిరుగుతాం. గంటకు 80 కి.మీ. దాటితే చాలు, బండి ఓసారి ఎడమకు, ఓసారి కుడికి జారుతుంది. స్టీరింగ్ సరిచేస్తూనే ఉండాలి. రెండు గంటలు నడిపేసరికి భుజాలు పట్టేస్తున్నాయి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) రెండుసార్లు చేయించాం. కాగితం మీద అన్ని అంకెలూ పచ్చరంగులోనే వచ్చాయి. ఇప్పుడు స్టీరింగ్ డ్యాంపర్ వేయించమంటున్నారు. వేయించమంటారా?

జవాబు: వద్దు. ఇప్పుడే అయితే అసలే వద్దు.

డ్యాంపర్ అంటే చిన్న షాక్ అబ్జార్బర్. స్టీరింగ్ లింకులు (స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీలు) ఒక్కసారిగా కదలకుండా ఆపుతుంది, గుంతలో పడ్డప్పుడు చేతికి తగిలే దెబ్బ తగ్గిస్తుంది. దాని పని అంతవరకే. చక్రం ఎటు చూడాలో దానికి తెలియదు. ఎక్కడో ఒక జాయింట్ లూజుగా ఉంటే ఆ లూజును కొన్నాళ్లు మీ చేతికి తెలియనివ్వదు, జాయింట్ మాత్రం అరుగుతూనే ఉంటుంది. తూలుతోందని నా దగ్గరికి వచ్చిన బండికి డ్యాంపర్ ఉంటే ముందు దాన్ని విప్పి పక్కన పెడతాను. రోగం కనపడాలి కదా.

బండి సరిగ్గా ఏం చేస్తోందో ముందు తేల్చుకోవాలి. ఎప్పుడూ ఒకే వైపు గుంజుతుంటే అది వేరే సంగతి: ఒక టైరులో గాలి తక్కువై ఉంటుంది, ఒక బ్రేకు పట్టేసి ఉంటుంది, లేదా రెండు వైపుల కోణాల్లో తేడా ఉంటుంది. గుంత మీదుగా పోయినప్పుడు మాత్రమే పక్కకు దూకితే అది ఇంకోటి. ఎడమకు తిప్పి వదిలితే ఎడమకే, కుడికి తిప్పి వదిలితే కుడికే పోతుంటే ఏదో ఒక జాయింట్ బిగుసుకుపోయినట్టు. మీరు రాసింది వీటిలో ఏదీ కాదు. ఊరికే అటోసారి ఇటోసారి జారడం. ఇలాంటి బండిని నేను నేల దగ్గర మొదలుపెట్టి పైకి చూసుకుంటూ వస్తాను. టైరు, దాని మీద పడే బరువు, ఆ తర్వాత జాయింట్లు, ఆ తర్వాత కోణాలు. కొత్త సామాను కొనే మాట అన్నింటికన్నా చివర.

మీ ఉత్తరంలో నాకు ముందు కంటపడింది స్కూటరు. అది వెనక యాక్సిల్‌కు 2 మీటర్లు వెనక ఉందనుకుందాం. 120ని 2తో గుణించి 4తో భాగించండి: 60. ఆ స్కూటరు ముందు యాక్సిల్ మీద నుంచి 60 కిలోలు ఎత్తేస్తోందన్నమాట. వెనక యాక్సిల్ మీద పడుతున్నది 120 కాదు, 180. ముందు బరువు తగ్గితే ఆ చక్రాలకు రోడ్డు మీద పట్టూ తగ్గుతుంది. పైగా మీది ముందు చక్రాల డ్రైవ్. బండిని లాగేవీ అవే, తిప్పేవీ అవే. చాలదన్నట్టు, చోటుంది కదా అని కుర్చీలు, పనిముట్ల పెట్టె, నీళ్ల క్యాన్లు అన్నీ ఆ వెనక అరలోకే తోస్తారు. పెద్ద అర చూపిస్తే బండి త్వరగా అమ్ముడుపోతుంది. నడిపేవాడి భుజాల సంగతి అప్పుడెవరికి గుర్తుంటుంది?

అందుకే కాటాకు పదండి. ఖాళీ బండితో కాదు. ప్రయాణానికి బయల్దేరేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే తీసుకెళ్లండి: ట్యాంకు నిండా డీజిల్, నీళ్లు, గ్యాస్ సిలిండర్లు, స్కూటరు, ప్రయాణించేవాళ్లంతా లోపల. ముందు యాక్సిల్ ఒక్కటీ కాటా మీద పెట్టి చూడండి, తర్వాత వెనకది ఒక్కటీ, తర్వాత మొత్తం బండి. వీలుంటే ఒక్కో చక్రం విడిగా తూయించండి. వంటగట్టు, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఒకే వైపు పడి రెండో వైపు తేలిపోయే బండ్లు ఉంటాయి. వచ్చిన అంకెలను బండి ప్లేటు మీదున్న యాక్సిల్ పరిమితులతో పోల్చుకోండి. వెనకది పరిమితి దాటిందా, ఇక మిగతా పరీక్షలు ఆపి బరువు దించండి. దాటకపోయినా స్కూటరు దింపేసి అదే రోడ్డు మీద, అదే వేగంతో ఒకసారి నడపండి. రూపాయి ఖర్చు లేదు, తేడా ఉంటే చేతికి వెంటనే తెలుస్తుంది. తేడా ఉంటే స్కూటరు గురించి మీరే ఆలోచించుకోండి. మిగతా బరువైన సామాన్లనైనా రెండు యాక్సిళ్ల మధ్యకు, నేలకు దగ్గరగా మార్చుకోండి.

బరువులు తెలిశాకే గాలి సంగతి. మోటర్‌హోమ్‌ల కోసం ప్రత్యేకంగా చేసే టైర్ల మీద సైజు పక్కన 'సీపీ' అని ఉంటుంది. వాటికి వెనక యాక్సిల్ మీద 5.5 బార్, అంటే 80 పి.ఎస్.ఐ. దాకా పట్టించమంటారు. వెనక బరువు ఎక్కువ కాబట్టి అది సరే. గాలి కొట్టేవాడు మాత్రం చేయి తిరిగిన వేగంలో నాలుగింటికీ అదే కొట్టేస్తాడు. ముందు చక్రాల మీద బరువు అంత లేదే! అప్పుడు టైరు ఉబ్బి, మధ్యభాగం ఒక్కటే నేలకు ఆనుతుంది. రోడ్డు మీద లారీల చాళ్లు ఎటుంటే అటు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది బండి. తక్కువైనా బాధే: టైరు గోడలు పక్కకు ఒరిగి, మీరు తిప్పిన కాసేపటికి బండి తిరుగుతుంది. వెనక టైర్లలో తక్కువైతే తోక ఊగుతుంది.

ఎంత గాలి పట్టించాలో టైరు తయారు చేసినవాళ్ల పట్టిక చెబుతుంది. ఎంత బరువుకు ఎంత గాలి అన్నది వరసలుగా ఉంటుంది. ఒక యాక్సిల్ మీది రెండు చక్రాల్లో ఏది ఎక్కువ బరువు మోస్తోందో దాని అంకె తీసుకుని రెండింటికీ ఒకే గాలి పట్టించండి. పట్టిక చెప్పిన దానికన్నా తగ్గించొద్దు. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ అంకె మీకోసం కాదు, అది ఆ టైరు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే హద్దు. గాలి చూసేది పొద్దున్నే, బండి కదలకముందు. దారిలో వేడెక్కి పెరిగిందని తీసేసే అలవాటు ఉంటే మానుకోండి.

పట్టిక ప్రకారం పట్టించాక నేనొక సుద్దముక్క తీస్తాను. మా కుర్రాళ్లు నవ్వుతారు కానీ దీన్ని మించిన పరికరం నాకు దొరకలేదు. టైరు పట్టీకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మందంగా గీత గీసి, పొడి నేల మీద బండిని తిన్నగా కొంచెం దూరం పోనిస్తాను. గీత మధ్యలో చెరిగి రెండు అంచుల్లో మిగిలిందంటే ఆ బరువుకు గాలి ఎక్కువ. అంచులు చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. అంతా ఒకేలా చెరగాలి. సుద్దకూ పట్టికకూ మరీ తేడా వస్తే కాటా దగ్గర అంకె తప్పు రాసుకున్నారేమో చూడండి.

బరువు, గాలి సరిచేశాక కూడా తూలుతుంటే అప్పుడు బండి కిందికి దూరే పని. దీనికి ఇద్దరు కావాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకు అడ్డం పెట్టాలి, పవర్ స్టీరింగ్ పనిచేయడానికి ఇంజను ఆన్‌లో ఉండాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఎడమకు, కుడికి ఆడిస్తూ ఉంటారు. చక్రం కదలడం మొదలయ్యేంత వరకే, అంతకు మించి కాదు. రెండోవారు స్టీరింగ్ కాలమ్ కింది జాయింట్ నుంచి మొదలుపెట్టి చక్రం దాకా వరసగా చూసుకుంటూ రావాలి. ప్రతి జాయింట్ మీదా పైనుంచి వేళ్లు ఆనించండి, వేలు సగం ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద ఉండేలా. సందులో మాత్రం పెట్టకండి, నలుగుతుంది. రెండు ముక్కలూ కలిసి కదిలితే జాయింట్ బాగున్నట్టు. ఒకటి కదిలాక రెండోది 'టిక్'మని వెనక వస్తే లూజు అక్కడే. కంటికి కనపడని లూజు వేలికి తెలుస్తుంది.

మీ బండికి ర్యాక్ స్టీరింగ్ ఉంటుంది, అంటే స్టీరింగ్ తిప్పితే ఒక పళ్ల కడ్డీ పక్కకు జరిగి చక్రాలను తిప్పుతుంది. ర్యాక్‌కు రెండు చివర్లా మడతల రబ్బరు తొడుగు ఉంటుంది కదా, లోపలి జాయింట్ దాని కింద దాక్కుంటుంది. తొడుగును చేత్తో నొక్కి పట్టుకుని ఆడించమనండి. ర్యాక్‌ను ఛాసిస్‌కు బిగించిన బోల్టులు, వాటి రబ్బర్లు కూడా వదలొద్దు. స్టీరింగ్ తిప్పినప్పుడు ర్యాక్ మొత్తం ఒక పక్కకు జరిగితే, మీరు తిప్పిన దాంట్లో కొంత చక్రం దాకా పోనే పోదు.

తర్వాత ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, స్టాండు మీద నిలబెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే బేరింగ్ కావచ్చు, బాల్ జాయింట్ (చక్రం అటూ ఇటూ తిరగడానికి ఉండే గుండు జాయింట్) కావచ్చు. ఏదో తేల్చడానికి ఒకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే లూజు పోతే బేరింగ్. తొక్కినా కదులుతుంటే బాల్ జాయింట్. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివరి జాయింట్) కావచ్చు, ర్యాక్ కావచ్చు. ఒక మాట గట్టిగా చెప్తున్నాను: క్యాంపులో బండి సమంగా నిలబెట్టడానికి అమర్చిన జాకీల మీద లేపి కిందికి దూరకండి. అవి అందుకు చేసినవి కావు.

ఇక ఆ పచ్చరంగు కాగితం. ఖాళీ బండికి అలైన్‌మెంట్ చేస్తే ఖాళీ బండికే సరిపోతుంది. స్ప్రింగులు దిగేకొద్దీ కోణాలు మారతాయి. ఈసారి సామాన్లతో సహా తీసుకెళ్లండి, ముందూ తర్వాతా వచ్చిన అంకెలు రెండూ అచ్చు తీయించుకోండి. పచ్చరంగు అంటే కంపెనీ ఇచ్చిన హద్దుల్లో ఉందని, అంతే. టో చూడండి. ముందు చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి చూస్తుండాలి, దాన్నే టో ఇన్ అంటారు. కొంచెం టో ఇన్ ఉంటే రెండు చక్రాలూ ఒకదానికొకటి ఎదురు నెట్టుకుంటూ జాయింట్లలోని సన్నటి లూజును ఒక పక్కకు ఆనించి ఉంచుతాయి. సున్నా దగ్గరో, బయటికి చూస్తూనో ఉంటే ఏ చక్రానికి పట్టు దొరికితే బండి ఆ వైపు పోతుంది. మీ కాగితంలో టో హద్దు లోపలే ఉండి కూడా బయటి వైపు అంచున ఉండవచ్చు. హద్దు మధ్యలోకి తెమ్మని అడగండి. టైరు పట్టీ మీద అరచేత్తో అడ్డంగా రాస్తే ఒక దిక్కున నున్నగా పోయి, ఎదురు దిక్కున గరుకుగా తగిలిందంటే టో చాలాకాలంగా తప్పుగా ఉందని.

ఇన్నీ చేశాక డ్యాంపర్ కావాలనిపిస్తే వేయించుకోండి, నేను అడ్డుపడను. చాలామందికి అప్పటికి ఆ ఆలోచనే పోతుంది.

ప్రశ్న: వెనక కిందికి దిగిపోతోందని స్ప్రింగుల దగ్గర ఎయిర్ బెలోస్ (గాలి నింపే రబ్బరు సంచులు) వేయించాం. బండి చూడ్డానికి చక్కగా సమంగా నిలబడింది. కానీ అప్పటి నుంచీ స్టీరింగ్ మరీ తేలికైపోయి, నేల మీద లేనట్టుంది. బెలోస్ మంచివి కావా?

జవాబు: బెలోస్ తప్పేం లేదు. తోక లేపారు, ముక్కు దిగింది, క్యాస్టర్ తగ్గింది.

క్యాస్టర్ అంటే ఏమిటో సైకిల్ చూస్తే తెలుస్తుంది. ముందు ఫోర్క్ నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు గీతను నేల దాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటు కన్నా కొంచెం ముందు తగులుతుంది. అంటే టైరు ఆ గీతకు వెనక ఈడ్చుకుంటూ వస్తోందన్నమాట. ఈడ్చుకొచ్చేది తిన్నగానే వస్తుంది. చేతులు వదిలినా సైకిల్ కొంతదూరం పోయేది ఇందుకే కొంత. బండి ముందు చక్రాలకూ ఇలాంటి వాలే ఉంటుంది. అది ఎంత ఎక్కువుంటే స్టీరింగ్ అంత గట్టిగా మధ్యకు వస్తుంది.

ఇప్పుడు మీ బండి లెక్క చూద్దాం. యాక్సిళ్ల మధ్య 4 మీటర్లు ఉంటే, వెనక యాక్సిల్ దగ్గర బండిని 7 సెంటీమీటర్లు లేపగానే మొత్తం ఛాసిస్ 1 డిగ్రీ ముందుకు వాలుతుంది. క్యాస్టర్ నుంచి సరిగ్గా ఆ 1 డిగ్రీ పోతుంది. ఉన్నదే నాలుగైదు డిగ్రీలైతే ఒక డిగ్రీ చిన్న విషయం కాదు. ముందు స్ప్రింగులు పాతబడి కుంగి ఉంటే ఇంకొంత పోయి ఉంటుంది.

బండి కంటికి సమంగా కనపడాలన్న పట్టుదల వదిలేయండి. చాలా బండ్లు వెనక కొంచెం ఎత్తుగానో తక్కువగానో ఉండేలానే తయారవుతాయి. కంపెనీ చెప్పిన ఎత్తు ఎంతో కనుక్కుని, సామాన్లు నింపాక బెలోస్ గాలిని దానికి సరిపడా పెట్టండి. ముందు స్ప్రింగులు దిగి ఉంటే వాటిని చూడండి. ఆ తర్వాతే అలైన్‌మెంట్, క్యాస్టర్ హద్దులో పై వైపు ఉండేలా. కొన్ని బండ్లలో క్యాస్టర్ మార్చే ఏర్పాటు కంపెనీ ఇవ్వదు, అప్పుడు ఎత్తు సరిచేయడం ఒక్కటే మార్గం.

ఇంకో రెండు మాటలు. రెండు బెలోస్‌కూ ఒకే గొట్టం వేసి కలిపి ఉంటే విడదీయించండి. మలుపులో ఒరిగిన వైపు నుంచి గాలి అవతలి దాంట్లోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. రెండోది, బెలోస్ బండిని లేపుతాయి కానీ యాక్సిల్ మోయగల బరువును పెంచవు. ప్లేటు మీద అంకె అదే.

ప్రశ్న: మాది లారీ ఛాసిస్ మీద కట్టిన పెద్ద బండి. స్టీరింగ్ బాక్స్ (లోపల పళ్లుండే పెట్టె) ఉంటుంది, ర్యాక్ కాదు. ప్లే (స్టీరింగ్ తిప్పినా చక్రం కదలని ఖాళీ) ఎక్కువైందని మెకానిక్ బాక్స్ మీది స్క్రూ బిగించాడు. ప్లే పోయింది. కానీ మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది మధ్యకు రావట్లేదు, తిన్నటి రోడ్డు మీద ఇదివరకటి కన్నా ఎక్కువ తూలుతోంది.

జవాబు: ఆ స్క్రూను చూస్తే చాలామందికి చేయి ఊరుకోదు. పైనే ఉంటుంది, లాక్ నట్ వదులు చేసి తిప్పితే చాలు, కస్టమర్ ముందే ఫలితం కనపడుతుంది.

బాక్స్ లోపలి పళ్లు అంతటా ఒకేలా కలవవు. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు, అంటే సరిగ్గా మధ్యలో, కావాలనే బిగుతుగా కలిసేలా చేస్తారు. రెండు చివర్లకు పోయేకొద్దీ వదులవుతుంది. స్టీరింగ్ కొంచెం తిరిగి ఉన్నప్పుడు ఆ స్క్రూ బిగిస్తే ఏమవుతుంది? అక్కడ సరిపోయినట్టే ఉంటుంది, మధ్యకు వచ్చేసరికి పట్టేస్తుంది. పట్టేసిన బాక్స్ చక్రాలను మధ్యకు రానివ్వదు. మీరు చేత్తో తెస్తారు, కొంచెం ఎక్కువవుతుంది, మళ్లీ ఇటు తెస్తారు. తూలడమంటే అదే. పైగా బిగుతు మీద నడిపితే పళ్లు పాడవుతాయి. కాబట్టి ఇప్పటికి ఆ స్క్రూను ఇదివరకు ఉన్న చోటికి వదులు చేయించండి.

సరైన పద్ధతి ఏమిటంటే, లింకులను బాక్స్ నుంచి విడదీసి, బాక్స్‌ను సరిగ్గా మధ్యకు తెచ్చి, ఇన్‌పుట్ షాఫ్ట్ తిప్పడానికి ఎంత బలం కావాలో మీటరుతో కొలుస్తూ కంపెనీ చెప్పిన అంకెకు సరిచేయడం. అయినా ముందు లింకుల్లోని జాయింట్లన్నీ చూసుకోవాలి. పై జవాబులో చెప్పిన వేళ్ల పరీక్ష మీకూ వర్తిస్తుంది. కాలమ్ కింది యూనివర్సల్ జాయింట్, బాక్స్‌ను ఛాసిస్‌కు పట్టిన బోల్టులు, పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ తిప్పే చేయి), డ్రాగ్ లింక్ (ఆ చేయి నుంచి చక్రం వైపు పోయే కడ్డీ), టై రాడ్లు (రెండు చక్రాలను కలిపే కడ్డీలు). బాక్స్ పాపం చివరిది. తప్పు మాత్రం ముందు దాని మీదే పడుతుంది.

దీనికంటే దొంగ తప్పు ఇంకోటుంది. ఎప్పుడైనా స్టీరింగ్ వీల్ వంకరగా ఉందని, వీల్‌ను పళ్ల మీద నుంచి ఊడదీసి తిన్నగా మళ్లీ బిగించారా? అలా చేస్తే వీల్ తిన్నగా కనపడుతుంది, లోపల బాక్స్ మాత్రం మధ్యలో ఉండదు. రోడ్డు మీద తిన్నగా పోతున్నంతసేపూ బాక్స్ తన వదులు భాగంలోనే పనిచేస్తూ ఉంటుంది. స్క్రూను సరైన పద్ధతిలో సరిచేసినా ఆ ప్లే పోదు. సరిచూడటం తేలికే: ముందు చక్రాలు లేపి, లింకు విడదీసి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చుట్లు లెక్కపెట్టండి. అందులో సగం తిప్పితే వచ్చేదే బాక్స్ మధ్య. ఆ స్థితిలో లింకు మళ్లీ తగిలిస్తే చక్రాలు తిన్నగా చూడాలి. చూడకపోతే సరిచేయాల్సింది డ్రాగ్ లింక్ పొడవు, వీల్ కాదు.

ప్రశ్న: ఒంటరిగా పోతున్నప్పుడు బండి బాగానే ఉంటుంది. పెద్ద లారీ దాటుతుంటే మాత్రం ముందు లారీ వైపు లాగి, తర్వాత అవతలికి తోసేస్తుంది. చచ్చేంత టెన్షన్. ఇది మామూలేనా?

జవాబు: కొంత మామూలే. వెనక నుంచి వచ్చే లారీ తన ముందు గాలిని తోసుకొస్తుంది. ఆ గాలి మొదట మీ తోకకు తగిలి దాన్ని అవతలికి నెడుతుంది. తోక అటు పోతే ముక్కు ఇటు, అంటే లారీ వైపు తిరుగుతుంది. లారీ ముందుకు వచ్చేకొద్దీ అదే గాలి మీ ముక్కును తోస్తుంది. గోడలా నిలువుగా ఉండే బండి కదా, కారు కన్నా ఎక్కువ తెలుస్తుంది. వెనక యాక్సిల్ తర్వాత బాడీ ఎంత పొడుగ్గా ఉంటే అంత.

మామూలు కానిది ఏమిటంటే, ఆ తోపుకు వెనక యాక్సిల్ మీద బాడీ పక్కకు జరగడం. వెనక కమాన్ పట్టీలు ఉన్న బండ్లలో యాక్సిల్‌ను పక్కలకు కదలకుండా పట్టి ఉంచేవి ఆ పట్టీలు, వాటి చివరి బుష్‌లే. బుష్ రబ్బరు అరిగితే బాడీ పక్కకు జరగడమే కాదు, యాక్సిల్ కూడా ఓ వెంట్రుకవాసి మెలి తిరుగుతుంది. అప్పుడు వెనక చక్రాలు కూడా స్టీరింగ్ చేస్తున్నట్టే. మీ చేతిలో ఉన్న స్టీరింగ్ ముందు చక్రాలకే, వెనక వాటికి మీ మాట వినే పనిలేదు.

బండిని గట్టి నేల మీద ఆపి, ఇద్దరు పక్కన నిలబడి బాడీ వెనక భాగాన్ని లయగా ఊపండి. ఒకరు వెనక చూడాలి, షాకిల్ (పట్టీ చివరను ఛాసిస్‌కు కలిపే లింకు), బుష్, యూ బోల్టు (పట్టీని యాక్సిల్‌కు బిగించేది) దగ్గర. మట్టి పట్టిన చోట తళతళలాడే సన్నటి గీత కనపడినా, యూ బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలినా అక్కడ కదలిక ఉందని. బుష్‌లు మార్పించండి, యూ బోల్టులు కంపెనీ చెప్పిన బిగింపుకు తెప్పించండి, యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా పట్టే కడ్డీ) రబ్బర్లు కూడా చూడండి. అవన్నీ బాగుండి కూడా తోక ఊగుతుంటే, అప్పుడు పాన్‌హార్డ్ రాడ్ మంచి ఖర్చు. ఒక చివర యాక్సిల్‌కు, ఇంకో చివర ఛాసిస్‌కు అడ్డంగా బిగించే కడ్డీ అది, పక్క కదలికను ఆపుతుంది. ఈ శీర్షికలో నేను కొనమని చెప్పే కొత్త సామాను బహుశా ఇదొక్కటే.

నడిపేటప్పుడు చూపు దూరంగా పెట్టండి. బానెట్ ముందున్న గీతనే చూస్తూ నడిపేవాళ్లు ప్రతి చిన్న జారుడుకూ స్టీరింగ్ తిప్పుతారు, సగం తూలుడు వాళ్లు తెచ్చిపెట్టుకున్నదే. లారీ అద్దంలో కనపడగానే లేన్‌లో అవతలి వైపుకు కొంచెం జరిగి, దాన్ని పోనివ్వండి.

ప్రశ్న: వాడిన బండి కొన్నాం. టైర్ల పట్టీ నిండుగా, కొత్తవాటిలా ఉంది. అయినా మార్చమంటున్నారు. డబ్బు గుంజడానికేనా?

జవాబు: టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చదవండి. 3515 అని ఉంటే 2015లో 35వ వారం తయారైందని అర్థం. మోటర్‌హోమ్ నడిచేది తక్కువ, ఎండలో నిలబడేది ఎక్కువ. పట్టీ అరగకముందే రబ్బరు గట్టిపడి, గోడల మీద సన్నటి పగుళ్లు వస్తాయి. అలాంటి టైరు రోడ్డును పట్టుకోదు, ఏ రోజు పగులుతుందో తెలియదు. పదేళ్లు దాటినవైతే పట్టీ ఎంత ఉన్నా తీసేయాల్సిందే. పగుళ్లుంటే అంతవరకు కూడా ఆగొద్దు.

ప్రశ్న: నిన్నటిదాకా బాగున్న బండి ఈరోజు దారిలో ఉన్నట్టుండి తూలడం మొదలుపెట్టింది. మెల్లగా ఇంటిదాకా నడుపుకుపోవచ్చా?

జవాబు: పోవద్దు. నెమ్మదిగా అరిగేవాటికి నేను చెప్పే ఓపిక వేరు, ఉన్నట్టుండి వచ్చిన తేడా వేరు. గట్టిగా బ్రేకు వేయకుండా వేగం తగ్గించి, రోడ్డు పక్కకు తెచ్చి ఆపండి. నాలుగు టైర్లూ చూడండి, వెనక జంట చక్రాలుంటే లోపలి దాన్ని కూడా చేత్తో తడమండి. గాలి పోయినా బయటిది నిలబెట్టేస్తుంది కాబట్టి కంటికి తెలియదు. చక్రాల నట్లు చూడండి. ఈమధ్యే చక్రం విప్పి బిగించి ఉంటే వాటినే ముందు అనుమానించండి. విప్పిన తర్వాత 50 నుంచి 100 కి.మీ. లోపు మళ్లీ బిగింపు చూడాలన్నది అందుకే. తర్వాత టార్చి వేసి, కిందికి దూరకుండానే చక్రం వెనక టై రాడ్ చివర చూడండి. నట్టులోంచి దూర్చిన స్ప్లిట్ పిన్ విరిగి పడిపోయినా, నట్టు వదులై మర బయటికి కనిపిస్తున్నా బండిని ఒక్క మీటరు కూడా నడపకండి, లాగే బండిని పిలిపించండి.